చీలమండ దగ్గర బీపీ చూస్తే బయటపడిన గుండె సంగతి: నా అనుభవం

నా వయసు 61. బీపీ 11 ఏళ్లుగా ఉంది, కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే. మా నాన్నగారికి గుండెపోటు వచ్చింది కాబట్టి గుండె విషయంలో ముందు నుంచీ భయం ఉంది. ఛాతీలో ఏ కాస్త పట్టేసినా ఈసీజీ తీయించుకునేదాన్ని. తీరా చూస్తే నా ఒంట్లో రక్తనాళాలు పూడుకుంటున్నాయన్న కబురు ఛాతీ నుంచి రాలేదు, ఎడమ కాలి పిక్క నుంచి వచ్చింది. ఆ కబురును నేను దాదాపు ఏడాది పాటు పట్టించుకోలేదు. నాలాగే ఇంకెవరైనా పట్టించుకోకుండా ఉన్నారేమోనని ఇదంతా రాస్తున్నాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదట నొప్పి సంగతి చెప్తాను, ఎందుకంటే అది వచ్చే తీరులోనే అంతా ఉంది. పొద్దున నడకకి వెళ్తే మొదటి అయిదారు నిమిషాలు ఏమీ ఉండేది కాదు. ఆ తర్వాత ఎడమ పిక్క మెల్లగా బరువెక్కేది, ఎవరో లోపల తాడు బిగిస్తున్నట్టు లాగేది, ఇంకో వంద అడుగులు వేస్తే ఇక ఆగాల్సిందే. ఆగి ఊరికే నిలబడితే చాలు, కూర్చోనక్కర్లేదు, మూడు నాలుగు నిమిషాల్లో మొత్తం పోయేది. మళ్లీ నడిస్తే మళ్లీ దాదాపు అంతే దూరానికి మళ్లీ అదే. రోజూ ఒకే చోట ఆగుతున్నానని మా ఆయనే ముందు గమనించారు. "నువ్వు ఎప్పుడూ ఆ చెట్టు దగ్గరే ఆగుతావేంటి" అన్నారు ఒకరోజు. మోకాళ్ల అరుగుదలేమో, వయసు కదా అని సరిపెట్టుకున్నాను. కానీ మోకాలి నొప్పి అయితే కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ ఉండాలి, మెట్లు దిగేటప్పుడు ఉండాలి, నిలబడగానే మాయం కాకూడదు. నడుములో నరం నొక్కుకుంటే కూడా నడుస్తుంటే కాళ్లు లాగుతాయి, కానీ దానికి సాధారణంగా కూర్చోవాలి, లేదా ముందుకి వంగాలి, ఊరికే నిలబడితే తగ్గదు. ఈ తేడాలన్నీ నాకు తర్వాత తెలిశాయి.

అడిగిన ప్రతివాళ్లూ "నరాల వీక్‌నెస్" అన్నారు. మనకి ఇదొక ఇబ్బంది, రక్తం పారే నాళాన్నీ నరమే అంటాం, మెదడు నుంచి వచ్చే నాడినీ నరమే అంటాం. నేను ఆరు నెలలు నరాల బలానికి మాత్రలు వేసుకున్నాను. నా సమస్య రక్తం పారే గొట్టంలో ఉంటే, మందు ఇంకో నరానికి వేసుకున్నానన్నమాట.

ఆ మధ్యలో ఒకసారి ఎక్కడో చదివి, ఇంట్లో ఉన్న బీపీ మిషన్ పట్టీని కాలికి చుట్టి చూసుకున్నాను. కుర్చీలో కూర్చుని కాళ్లు కింద పెట్టుకునే చూశాను. పైది 190 దాకా చూపించింది. చేతికి చూస్తే 140. గాభరాపడి మా అమ్మాయికి ఫోన్ చేశాను, కాలికి బీపీ వచ్చిందే అని. అసలు విషయం ఏంటంటే, కూర్చున్నప్పుడు పాదం గుండె కంటే చాలా కిందకి ఉంటుంది కదా, ఆ ఎత్తులో నిలిచిన రక్తం బరువు కూడా కొలతలో కలిసిపోతుంది, ప్రతి 10 సెంటీమీటర్లకీ ఇంచుమించు 8 పాయింట్ల చొప్పున. అందుకే ఈ పరీక్ష వెల్లకిలా పడుకోబెట్టే చేస్తారు, చేయీ కాలూ గుండె ఎత్తులోకి రావాలని. ఇంకోటి, ఇంట్లో వాడే ఆటోమేటిక్ మిషన్లు చేతి కోసం తయారైనవి, కాలి నాళం నిజంగా సన్నబడి ఉంటే అక్కడి తక్కువ ప్రెషర్‌ని అవి సరిగ్గా పట్టలేవు, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. దయచేసి ఇంట్లో ఇలా చూసుకుని భయపడకండి, అంతకంటే ముఖ్యంగా, చూసుకుని ధైర్యపడిపోకండి.

ధైర్యపడటం అన్నది నాకు నిజంగా జరిగింది. ఒక చోట మొత్తం హెల్త్ చెకప్ చేయించుకున్నప్పుడు అందులో ఈ పరీక్ష కూడా ఉంది. ఏబీఐ అంటారు, చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె. నేను మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన రెండు నిమిషాలకే బల్ల మీద పడుకోబెట్టారు, ఒక చేతికి మాత్రమే చూశారు, కాళ్లకి మామూలు ఆటోమేటిక్ మిషన్ పెట్టారు, ఎడమ కాలికి మొదటిసారి రీడింగ్ రాకపోతే పట్టీ ఇంకొంచెం బిగించి మళ్లీ నొక్కారు. రెండు కాళ్లకీ 1.04, నార్మల్ అని రాసిచ్చారు. ఆ కాగితం చూసుకుని నేను ఇంకో రెండు నెలలు నిశ్చింతగా ఉన్నాను, నొప్పి అలాగే ఉన్నా సరే. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ రెండు నెలలే. ఒక అంకె తప్పుగా ఉంటే మనం మన ఒంటి మాట కూడా నమ్మం.

చివరికి నన్ను దారిలో పెట్టిన డాక్టరు గారు మొదట ఏ మిషనూ వాడలేదు. చెప్పులు విప్పమన్నారు, రెండు పాదాల పైభాగాన వేళ్లు ఆనించి నాడి చూశారు, తర్వాత లోపలి చీలమండ ఎముక వెనకాల, తర్వాత మోకాలి వెనకాల, తర్వాత గజ్జల్లో. ఎడమ పాదం దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు వేళ్లు తీయలేదు. "అమ్మా, నడుస్తుంటే వచ్చి ఆగితే పోతుంది, అంతేనా?" అని అడిగారు. ఏడాదిగా నేను అందరికీ అదే చెప్తున్నాను, కానీ అది ఒక్క వాక్యంగా ఎవరూ తిరిగి నాకు చెప్పలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పాదం మీది నాడి కొందరికి పుట్టుకతోనే అందదట, అందుకని దాన్నొక్కదాన్నే నమ్మకూడదు, చీలమండ వెనకది కూడా చూడాలి అన్నారు. నాకు రెండూ నీరసంగానే ఉన్నాయి. డాప్లర్‌తో (రక్తం పారే శబ్దాన్ని వినిపించే చిన్న పరికరం అది) ఏబీఐ సరిగ్గా చేయిద్దాం అని రాశారు.

ఆ రోజు పరీక్ష ఎలా జరిగిందో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎలా జరగాలో తెలిస్తేనే మీకు జరిగింది సరిగ్గా జరిగిందో లేదో తెలుస్తుంది.

టీ కాఫీ తాగకుండా రమ్మన్నారు, పొగతాగేవాళ్లయితే కనీసం రెండు గంటల ముందు నుంచి మానాలట. టెక్నీషియన్ చిన్న పిల్ల, మా అమ్మాయి ఈడుది. గది వెచ్చగా ఉంది, చలిగా ఉంటే నాళాలు ముడుచుకుంటాయట. పడుకోబెట్టి పది నిమిషాలు ఏమీ చేయలేదు. నేను "ఎప్పుడు మొదలుపెడతావమ్మా" అంటే "ఇది కూడా పరీక్షలో భాగమే ఆంటీ, మాట్లాడకుండా పడుకోండి" అంది. రెండు చేతులకీ, రెండు చీలమండలకీ పట్టీలు కట్టింది. చీలమండ పట్టీ సరిగ్గా ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్లంత పైన మొదలవ్వాలి. వెడల్పు కూడా చూసుకుంది, సన్నటి పట్టీ అయితే రీడింగ్ లేనిపోనంత ఎక్కువ వస్తుందట.

తర్వాత చల్లటి జెల్ ఒక చుక్క వేసి పెన్ను లాంటి ప్రోబ్‌ని కొంచెం వాలుగా పట్టుకుని ముందు కుడి మోచేతి దగ్గర పెట్టింది. గది అంతా శబ్దం వచ్చింది. నా రక్తం పారే శబ్దం నేను వినడం అదే మొదటిసారి. కొరడా ఝళిపించినట్టు ఒక గట్టి చప్పుడు, దాని వెనకాలే చిన్నగా ఇంకోటి. పట్టీలోకి గాలి కొట్టింది, చప్పుడు ఆగిపోయింది, ఆగిన చోటు నుంచి ఇంకో 20 పాయింట్లు పైకి తీసుకెళ్లి, మెల్లగా, చాలా మెల్లగా గాలి వదిలింది. నిశ్శబ్దం. మళ్లీ ఒక్కసారిగా ఝుమ్మని వచ్చింది. ఆ వచ్చిన క్షణంలో ఉన్న అంకెనే రాసుకుంది. అంతే, ఇందులో కింది బీపీతో పని లేదు.

కుడి కాలికి వెళ్లింది, చీలమండ వెనకాల ఒకసారి, పాదం మీద ఒకసారి. చప్పుడు చేతిలో లాగే ఉంది. ఎడమ కాలికి వచ్చేసరికి చప్పుడే మారిపోయింది. కొరడా లేదు. మెత్తగా, సాగదీసినట్టు, దూరంగా గాలి వీచినట్టు ఒక్కటే ఒక "హుష్". ఆ పిల్ల ఏమీ అనలేదు, నేనూ అడగలేదు, కానీ ఆ తేడా తెలుసుకోవడానికి డాక్టరే అవ్వక్కర్లేదు. నాకు గొంతు తడారిపోయింది. చివర్లో ఎడమ చేయి కూడా చూసి, మొదటి చేతిని ఇంకోసారి చూసింది. రెండు చేతుల మధ్య తేడా బాగా ఎక్కువ ఉంటే, 15 పాయింట్లు దాటితే, ఆ తక్కువ ఉన్న చేతికి వెళ్లే నాళంలోనే పూడిక ఉండొచ్చట, అందుకే ఒక్క చేతితో సరిపెట్టకూడదు.

నా అంకెలు ఇవి. చేతులు 148, 142. కుడి చీలమండ 154. ఎడమ కాలికి ఒక చోట 130, ఇంకో చోట 138. కాలికి వచ్చిన రెండింటిలో పెద్దది తీసుకుని, రెండు చేతుల్లో పెద్దదానితో భాగిస్తారు. కుడి 1.04, ఎడమ 0.93. మామూలుగా పడుకున్నప్పుడు చీలమండ దగ్గర ప్రెషర్ చేతి కంటే కాస్త ఎక్కువే ఉండాలి, పది పదిహేను పాయింట్లు. అందుకే 1.00 నుంచి 1.40 దాకా నార్మల్, 0.91 నుంచి 0.99 దాకా బోర్డర్‌లైన్, 0.90 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే కాళ్ల ధమనుల్లో పూడిక ఉన్నట్టే. 1.40 దాటితే అదీ మంచిది కాదు, దాని సంగతి మా అక్క దగ్గర చెప్తాను.

0.93 చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను, గీత దాటలేదు కదా అని. ఆ అమ్మాయి మాత్రం నోట్స్ చదివి "మీకు నడిస్తేనే కదా నొప్పి ఆంటీ, పడుకుంటే కాదు కదా, మరి నడిపించాకే చూడాలి" అంది. ఎంత తేలికైన మాట! ట్రెడ్‌మిల్ అప్పుడు ఖాళీ లేదు, గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించమంది, 50 సార్లు. ముప్పై దాటేసరికి ఎడమ పిక్క అదే పాత నొప్పి, అచ్చంగా చెట్టు దగ్గరి నొప్పి. 50 అవ్వగానే పరుగున పడుకోబెట్టి మళ్లీ చూసింది. చేయి 156కి పెరిగింది. ఎడమ చీలమండ 98కి పడిపోయింది. భాగిస్తే 0.63. శ్రమ పడ్డాక చీలమండ ప్రెషర్ 30 పాయింట్లకి మించి పడినా, ఆ అంకె 20 శాతానికి మించి తగ్గినా అది పూడికే. నాది 40 పాయింట్లు పడింది. కదలకుండా ఉన్నప్పుడు సన్నటి దారిలోంచి కూడా సరిపడా రక్తం వెళ్తుంది, కండ ఎక్కువ అడిగినప్పుడే దారి చాలదన్నది బయటపడుతుంది. ఆ రోజు ఆ పిల్ల 0.93 దగ్గర కాగితం మడిచేసి ఉంటే నేను ఇంకో ఏడాది పోగొట్టుకునేదాన్ని. ఆమెకి నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

డాక్టరు గారి దగ్గరికి వెళ్లి నేను అడిగిన మొదటి ప్రశ్న, కాలు తీసేయాల్సి వస్తుందా అని. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, "కాలికి ఇప్పుడు అంత ప్రమాదం లేదమ్మా, నేను ఆలోచిస్తున్నది మీ గుండె గురించి" అన్నారు. నాకు అర్థం కాలేదు. నొప్పి కాలిలో, మాట గుండె గురించా?

ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. నాళాల గోడల్లో కొవ్వు పేరుకోవడం అనేది ఒక్క చోట జరిగే పని కాదు, ఒకే రక్తం, ఒకే బీపీ, ఒకే కొలెస్ట్రాల్ ఒళ్లంతా తిరుగుతున్నాయి. కాలి ధమనిలో పూడిక కనిపించిందంటే గుండెకి వెళ్లే ధమనుల్లో, మెదడుకి వెళ్లేవాటిలో కూడా అదే పని జరుగుతూ ఉండే అవకాశం చాలా ఎక్కువ. గుండె నాళాలు లోపల ఉన్నాయి, పట్టీ కట్టి చూడలేం. కాలి నాళాలు చర్మం కిందే ఉన్నాయి, చూడగలం. ఈ రోగం ఉన్నవాళ్లలో ఎక్కువమంది చనిపోయేది కాలి వల్ల కాదు, గుండెపోటు, పక్షవాతం వల్ల. కాలి నాళాలు పూడుకుంటే చీలమండ దగ్గర ప్రెషర్ తగ్గుతుందని 1950 లోనే ట్రావిస్ విన్సర్ అనే ఆయన చూపించారు, డాప్లర్ వచ్చాక కొలవడం తేలికైంది. 2008లో అప్పటిదాకా జరిగిన 16 అధ్యయనాలని కలిపి, 48 వేల మందికి పైగా జనం లెక్కలు చూశారు. ఆడవాళ్లలో ఏబీఐ మామూలుగా ఉన్నవాళ్లు పదేళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం 4.1 శాతం అయితే, 0.90 గానీ అంతకు తక్కువ గానీ ఉన్నవాళ్లలో 12.6 శాతం. మగవాళ్లలో 4.4 శాతానికి 18.7 శాతం.

నా మనసులో నిలిచిపోయింది ఇంకో లెక్క. వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగ అన్నీ వేసి గుండె రిస్క్ లెక్కగట్టే పద్ధతి ఉంది కదా, దానికి ఈ చీలమండ అంకె కూడా కలిపితే మగవాళ్లలో సుమారు 19 శాతం మంది, ఆడవాళ్లలో సుమారు 36 శాతం మంది విషయంలో రిస్క్ గుంపే మారిపోయి, వైద్యం కూడా మార్చాల్సి వస్తుందని ఆ అధ్యయనంలో తేలింది. అంటే ప్రతి ముగ్గురు ఆడవాళ్లలో ఒకరు! మనం కాళ్ల నొప్పులు అనగానే ఇంట్లో నూనె రాస్తారు, బయట మాత్ర రాస్తారు, గుండె దాకా ఎవరి ఆలోచనా పోదు. పైగా ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి నాకొచ్చినట్టు అచ్చుగుద్దిన నొప్పి రానే రాదు. కాళ్లు అలసిపోతాయి, నడక నెమ్మదిస్తుంది, లేదా ఏమీ ఉండదు.

ఆ తర్వాత మారినవి రెండు మూడే. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర డోసు పెంచారు, రక్తం పల్చబడే మాత్ర ఒకటి మొదలుపెట్టారు, బీపీ ఇంకా కింద ఉంచాలన్నారు. స్టెంట్ గురించి నేనే అడిగాను, నడకకి ఇంకా అవకాశం ఇవ్వకుండా అటు వెళ్లొద్దన్నారు. నడక అంటే మామూలు నడక కాదు, నొప్పి వచ్చేదాకా నడవాలి, వచ్చాక కొంచెం ఓర్చుకుని నడవాలి, బాగా ఎక్కువైతే ఆగాలి, పూర్తిగా తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా ఆగడాలతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, కనీసం 12 వారాలు. నొప్పి వచ్చినా నడవమని చెప్తే నాకు మొదట భయం వేసింది, ఏదైనా తెగిపోతుందేమోనని. తెగదు, కండ ఉన్న రక్తంతోనే ఎక్కువ పని చేయడం నేర్చుకుంటుంది అన్నారు. (ఇది డాక్టరు చెప్పాకే మొదలుపెట్టండి, విశ్రాంతిలో కూడా పాదం నొప్పి ఉన్నవాళ్లు, పుండ్లు మానని వాళ్లు వెంటనే చూపించుకోవాలి, వాళ్ల దారి వేరు.) మొదటి మూడు వారాలు చాలా విసుగు, మా ఆయన పక్కన ఉండబట్టి గానీ మానేసేదాన్నే.

ఇక మా అక్క. ఆమెకి షుగర్ 20 ఏళ్లుగా ఉంది. నా సంగతి విని తనూ చేయించుకుంది. ఆమెకి చేయి 140, చీలమండ 210, అంటే 1.50 వచ్చింది. "నాది నీకంటే బాగుంది చూడవే" అని సంబరంగా ఫోన్ చేసింది. నాకు అప్పటికే తెలుసు కాబట్టి గుండె జారిపోయింది. షుగర్ చాలా కాలంగా ఉన్నవాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి నాళాల గోడల్లో కాల్షియం చేరి గట్టిపడిపోతాయి, పట్టీలో ఎంత గాలి కొట్టినా ఆ గొట్టం నొక్కుకోదు, అంకె ఎక్కువ వస్తుంది. అది బలం కాదు, గట్టిదనం, దానికి కూడా గుండె రిస్క్ ఎక్కువే. అప్పుడు కాలి బొటనవేలికి చిన్న పట్టీ వేసి చూస్తారు, వేలి నాళాలు సాధారణంగా అంతగా గట్టిపడవు కాబట్టి. అక్కకి వేలి దగ్గర 78, అంటే 0.56. అక్కడ 0.70 గానీ తక్కువ గానీ అయితే పూడిక ఉన్నట్టు. ఫోన్‌లో ఆ సంబరం ఉన్న గొంతుకి "అక్కా, ఇంకో పరీక్ష ఉందే" అని చెప్పడం నాకు ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో దేవినట్టుంటుంది. ఇప్పుడు ఇద్దరం ఒకే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.

ఇదంతా చదివి ఏ ఇబ్బందీ లేని ముప్పై ఏళ్ల వాళ్లు పరిగెత్తి చేయించుకోవాలని నేను అనడం లేదు. ఏ లక్షణాలూ లేని వాళ్లందరికీ ఈ పరీక్ష చేస్తే లాభమా కాదా చెప్పడానికి సాక్ష్యం చాలదని అమెరికాలోని ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2018లో చెప్పింది, అది కూడా నిజమే, దాచను. కానీ నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి ఉంటే, 65 దాటితే, 50 దాటి షుగర్, పొగ, బీపీ, కొలెస్ట్రాల్‌లో ఏదైనా ఉంటే డాక్టరుని ఒక్కసారి అడగండి. పరీక్షకి వెళ్లినప్పుడు పది నిమిషాలు పడుకోనిచ్చారా, రెండు చేతులకీ చూశారా, డాప్లర్ వాడారా అన్నది గమనించండి, అడగడానికి మొహమాటపడకండి. నేను మొదటిసారి మొహమాటపడ్డాను.

నాలుగు నెలల తర్వాత మళ్లీ ఏబీఐ చేశారు. ఎడమ 0.92. మారలేదని నా మొహం చిన్నబోయింది. నడక వల్ల ఈ అంకె పెద్దగా మారదమ్మా, పూడిక అక్కడే ఉంటుంది, మారాల్సింది మీరు నడిచే దూరం అన్నారు డాక్టరు గారు. దూరం అయితే మారింది. ఆ చెట్టు దాటి, దాని తర్వాత వచ్చే మలుపు కూడా దాటి, అక్కడున్న బెంచీ దాకా ఆగకుండా వెళ్తున్నాను.